మా సోఫా ఖరీదు 40 రోజులు

చెల్లీ, నీ మెసేజ్ రెండుసార్లు చదివా. డాలస్ వచ్చి ఐదు నెలలైంది, మీ ఆయన జీతం బానే ఉంది, అయినా నెలాఖరికి కార్డు బిల్లు నాలుగు వేలు దాటుతోంది, ఏం కొన్నామో కూడా గుర్తు రావట్లేదు అక్కా అన్నావు. పాప స్కూలు, డ్రైవింగ్ టెస్టు, హెచ్4 మీద, అంటే మీ ఆయన హెచ్1బి వర్క్ వీసా వెనకాల నీకొచ్చిన వీసా మీద ఉద్యోగం, ఇవన్నీ కూడా అడిగావు. ఉద్యోగం రూల్స్ ఇమిగ్రేషన్ వాళ్ళ యూఎస్‌సీఐఎస్ సైట్‌లో ఉంటాయి, స్కూలు సంగతి మీ డిస్ట్రిక్ట్ సైట్‌లో ఉంటుంది, అవి మీరిద్దరూ కూర్చుని చూసుకోండి, మాకా రోజుల్లో అడగడానికి మనిషే లేడు, అయినా చూసుకున్నాం. నేను మాత్రం డబ్బు గురించే చెప్తా, ఎందుకంటే ఇన్నేళ్ళయినా నాకు అర్ధరాత్రి మెలకువ వస్తే ముందు గుర్తొచ్చేది బ్యాంకులో ఎంతుందా అనే.

మేం 2008 ఆగస్టులో డాలస్ పక్కన ఇర్వింగ్‌లో దిగాం. తెనాలి నుంచి నాలుగు పెట్టెలు, అందులో ఒకదాన్నిండా పచ్చళ్ళు, పొడులు, ఒక మిక్సీ. ఆ మిక్సీ 220 వోల్టులది, ఇక్కడ కరెంటు 120. అది తిరగాలంటే ట్రాన్స్‌ఫార్మర్ కావాలన్నారు, కొన్నాం, ఇటుక కన్నా బరువు. రెండు నెలలు తిరిగి ఒక రోజు కొబ్బరి పచ్చడి మధ్యలో పొగ వచ్చి ఆగిపోయింది. తర్వాత ఇండియన్ కొట్లో ఇక్కడి కరెంటుకి సరిపడే 110 మిక్సీ కొన్నా, అంటే ఒక పచ్చడి కోసం మూడు వస్తువులు. కానీ అసలు కథ ఇది కాదు.

అసలు కథ సోఫా. రెండు వారాలు గాలి పరుపు మీద పడుకున్నాం, మా ఆయన ఫ్రెండ్ ఒకాయన వచ్చి ఇదేంటయ్యా బ్యాచిలర్ రూమ్‌లా ఉంది అన్నాడు, అంతే, ఆ శనివారమే ఫర్నిచర్ షాపుకి వెళ్ళాం. బ్రౌన్ లెదర్ సెట్టు, 2,400 డాలర్లు, 18 నెలలు వడ్డీ లేదు అని పెద్ద బోర్డు. మనకి వడ్డీ లేదంటే ఊరికే ఇచ్చినట్టే కదా. అక్కడికక్కడే షాపు కార్డు ఇచ్చారు, సోఫా మీద కూర్చుని ఫోటో దిగి అమ్మకి పంపా. నెలకి 125 చొప్పున కట్టేట్టు మా ఆయన సెట్ చేశాడు. పద్దెనిమిది నూట పాతికలు 2,250 అవుతాయి కదా, 150 తక్కువ పడుతుందని ఇంజినీరింగ్ చదివిన ఇద్దరం లెక్కెయ్యలేదు. గడువు దాటిన మర్నెల బిల్లులో ఆ 150 పక్కన ఇంకో ఆరు వందల పైచిలుకు వడ్డీ వచ్చి కూర్చుంది. ఫోన్ చేస్తే ఆ అమ్మాయి చాలా మర్యాదగా చెప్పింది, గడువు లోపల మొత్తం తీరిస్తేనే వడ్డీ మాఫీ, ఒక్క డాలర్ మిగిలినా కొన్న రోజు నుంచి వడ్డీ లెక్కేస్తాం, కాగితంలో ఉంది మేడమ్ అని. నిజంగానే ఉంది, చీమ తలకాయంత అక్షరాల్లో. డిఫర్డ్ ఇంటరెస్ట్ అనే మాట కనిపిస్తే ఆ కాగితం అక్కడే పెట్టి వచ్చెయ్. అదీ, నిజంగా సున్నా వడ్డీ అయిన ఆఫరూ పైకి ఒకేలా కనిపిస్తాయి.

అయితే ఆ బిల్లు రాకముందే ఆ సోఫా నాకు ఒక పాఠం చెప్పింది. 2009 ఫిబ్రవరిలో మా ఆయన ప్రాజెక్టు అయిపోయింది, కన్సల్టెన్సీ వాళ్ళు బెంచ్ అన్నారు, అంటే ఇంకో ప్రాజెక్టు దొరికేదాకా ఖాళీ, జీతం ఆపేశారు. హెచ్1బి వాళ్ళకి బెంచ్ మీదున్నా జీతం ఇచ్చి తీరాలని రూల్ ఉందని మాకు ఏడాది తర్వాత తెలిసింది, ఎవరితో చెప్పుకుంటాం. నాకా హెచ్4 మీద పని చేసే హక్కు లేదు, అది 2015 మేలో గానీ రాలేదు, అదీ గ్రీన్‌కార్డ్ దారిలో కొంత దూరం వెళ్ళినవాళ్ళ భార్యలకే. ఒక మధ్యాహ్నం ఆ సోఫా మీదే కూర్చుని ఇండియన్ కొట్టువాళ్ళు ఊరికే ఇచ్చిన తిథులు, రాహుకాలాల గోడ క్యాలెండర్ ఒళ్ళో పెట్టుకుని లెక్క రాశా. అద్దె, కారు, ఇన్సూరెన్స్, కరెంటు, ఫోను, బియ్యం పప్పులు, అన్నీ కలిపి నెలకి 1,800. అంటే రోజుకి 60. బ్యాంకులో 2,900 ఉన్నాయి, అంటే మాకు మిగిలింది 48 రోజులు. అప్పుడు అనిపించింది, నేను కూర్చున్న ఈ సోఫా 40 రోజులు.

లేచి ఇల్లంతా తిరిగా చెల్లీ, పెన్ను పట్టుకుని. మెయిల్ ఇన్ రిబేట్, అంటే ఫారం పోస్టు చేస్తే కొంత డబ్బు వెనక్కి వస్తుందని కొన్న ప్రింటరు, ఆ రిబేట్ చెక్కు ఇవాళ్టికీ రాలేదు. ఒక్కసారి వాడిన బ్రెడ్ మెషీను. థాంక్స్ గివింగ్ రాత్రి చలిలో నాలుగు గంటలు లైన్లో నుంచుని తెచ్చిన రెండో టీవీ, పడకగదిలో, డబ్బా కూడా విప్పలేదు. జిమ్ము కార్డు, మూడుసార్లు వెళ్ళాం. ఒక్కోదాని పక్కన రోజులు రాసుకుంటూ పోతే మొత్తం 71 వచ్చింది. ఆ బెంచ్ మూడు నెలల పదకొండు రోజులు నడిచింది, ఒక ఫ్రెండ్ దగ్గర చేబదులు తీసుకుని గట్టెక్కాం, ఆ తర్వాత ఇవాళ్టి దాకా ఎవరి దగ్గరా చెయ్యి చాచలేదు. ఒక్క జీతంతో ఏడేళ్ళు నడిపా, చెప్పుకోకూడదు గానీ చెప్తున్నా.

కాబట్టి నువ్వు ఇప్పుడు చేస్తున్న పని, ప్రతిదాన్నీ రూపాయల్లోకి మార్చి గుండె పట్టుకోవడం, అది మానెయ్. అలా చేస్తే కొత్తిమీర కట్ట దగ్గర ఏడుస్తావు, నాలుగు వందల డాలర్ల రోబో చీపురు దగ్గర మాత్రం ఆఫర్ కదా అని నవ్వుతూ కొంటావు, నేను చూశా ఇలాంటివాళ్ళని, నేనూ అంతే. జీతం ఆగినా ఆగని ఖర్చులు మాత్రమే రాసి 30తో భాగించు. మీకు 3,600 అనుకో, రోజుకి 120. ఏది కొనబోయినా ఎన్ని రోజులో చూసుకో. ఉద్యోగం పోతే హెచ్1బి వాళ్ళకి ఇక్కడ ఉండడానికి 60 రోజుల దాకా గడువు అనేది 2017 నుంచి ఉంది, వివరాలు లాయర్ని అడుగు, కానీ ఆ 60 రోజులకి నీ లెక్కలో 7,200 కావాలి. అది పక్కన లేకుండా రోబో చీపురేంటి.

ఇప్పుడు ఏం కొన్నామో గుర్తు రావట్లేదు అన్నావు కదా, దానికి నా దగ్గర ఒక చిట్కా ఉంది, ఇది టెక్సాస్‌లో బాగా పనికొస్తుంది. ఇక్కడ వండుకునే సరుకులకి సేల్స్ టాక్స్ లేదు. బియ్యం, పాలు, కూరలు, గుడ్లు, దేనికీ లేదు. మిగతావాటికి మన వైపు 8.25 శాతం. కూల్‌డ్రింకులకీ చాక్లెట్లకీ కూడా పడుతుంది. కాబట్టి బిల్లు మొత్తం చదవక్కర్లేదు, కింద టాక్స్ ఎంతుందో చూడు చాలు. రెండు వందల బిల్లులో టాక్స్ 9 డాలర్లు ఉందంటే సుమారు 109 డాలర్లు తిండి కానివాటికీ చిరుతిళ్ళకీ పోయిందన్నమాట. అందులో సబ్బులూ ఉంటాయి, కాదనను, డైపర్లకైతే 2023 సెప్టెంబరు నుంచి టాక్స్ తీసేశారు. కానీ మిగిలినవి ఏంటి? కొవ్వొత్తులు, ప్లాస్టిక్ డబ్బాలు, సీజన్ కోసం గుమ్మడికాయ బొమ్మలు. మా ఇంట్లో మొదటిసారి చూసుకుంటే నెల మొత్తంలో 31 డాలర్ల టాక్స్ తేలింది, వెనక్కి లెక్కేస్తే 375 డాలర్ల సామాను, నేనేమో పిసినారిగా బతుకుతున్నా అనుకుంటున్నా. ఆగస్టులో బట్టలకి టాక్స్ లేని శుక్ర, శని, ఆదివారాలు వస్తాయి, అప్పుడు జాగ్రత్త, ఎనిమిది శాతం కోసం నూరు శాతం ఖర్చు పెట్టిస్తారు.

కాస్ట్‌కో, అదే ఏడాది ఫీజు కట్టినవాళ్ళకే అమ్మే ఆ పెద్ద హోల్‌సేల్ కొట్టు, దాని కార్డు తీసుకోవాలా అని అడిగావు. 65 డాలర్లు ఏడాదికి, ఇద్దరూ ఒక పిల్లా ఉన్న ఇంటికి పాలు, నూనె, పెట్రోలు దాకా కిట్టుబాటే. కానీ అక్కడ ఐదు డాలర్ల కాల్చిన కోడి షాపు చివర్లో పెడతారు, అక్కడికి వెళ్ళి వచ్చేలోపు తోపుడు బండి నిండుతుంది. పాలకూర పెద్ద డబ్బా కొనకు, మనం పప్పులో వేసేది రెండు గుప్పెళ్ళు, మిగతాది నాలుగో రోజుకి నీళ్ళవుతుంది. నేను మూడేళ్ళు ఆ నీళ్ళు పారబోశా. నిండు కడుపుతో వెళ్ళు, చేతి బుట్టతో వెళ్ళు, బండి తీసుకోకు. అక్కడ బుట్టలు ఉండవు అంటావా, ఇంటి నుంచి ఒక సంచీ పట్టుకెళ్ళు.

ఇంకోటి చెప్తా, ఏమీ అనుకోకు, మన ఆడవాళ్ళ ఖర్చు. ఫేస్‌బుక్ లైవ్‌లో చీరలు. రాత్రి తొమ్మిదిన్నరకి పిల్లలు పడుకున్నాక ఫోన్లో ఒకావిడ, సిస్టర్స్ ఈ కలర్ ఒక్క పీసే ఉంది అంటుంది, కింద అందరూ బుక్డ్ బుక్డ్ అని కొడుతుంటారు, నీ వేలు దానంతటదే కదులుతుంది. ఒక ఏడాది నేను పదకొండు చీరలు కొన్నా, కట్టింది నాలుగు. ఇక్కడ చీర కట్టే సందర్భాలే ఏడాదికి పది, వాటికి కూడా ఫోటోల్లో రిపీట్ అవ్వకూడదని గోల. ఇప్పుడు మేం నలుగురం ఫ్రెండ్స్ మార్చుకుంటాం, జాకెట్టు నాది, చీర ఆవిడది, ఎవరికీ తెలియలేదు, తెలిసినా ఏమవుతుంది.

రిటర్న్ గిఫ్టులు కూడా అంతే. పుట్టినరోజుకి ముప్పై మంది పిల్లలొస్తే ముప్పై ప్లాస్టిక్ సంచులు, అవి ఎవరింట్లోనూ రెండో రోజు ఉండవు. వరలక్ష్మీ వ్రతానికి జర్మన్ సిల్వర్ గిన్నెలు, కుంకుమ భరిణెలు, పోటీ మీద పోటీ. నేను ఒకసారి ఆపేశా, తాంబూలంలో రెండు అరటిపళ్ళు, ఒక జాకెట్టు ముక్క, నానబెట్టిన శనగలు, అంతే. ఒకరిద్దరు మొహం చూసుకున్నారు, పర్లేదు. జాకెట్టు ముక్క సంగతికొస్తే, నేను ఇచ్చిన ఆకుపచ్చది రెండేళ్ళకి ఇంకో ఇంటి తాంబూలంలో నాకే తిరిగొచ్చింది, మూలన నా చేతి పసుపు మరక అలాగే ఉంది. ఎన్ని ఇళ్ళు తిరిగిందో పాపం. పెట్టెలో దాచా, ఈ శ్రావణంలో మళ్ళీ పంపిస్తా.

అన్నీ తెలిసినదాన్నని అనుకోకు. 2023 జులైలో ఇండియా బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతి ఆపేసింది కదా, ఆ రోజు నా ఫోన్ ఆగలేదు. సోనా మసూరి దొరకదట అని ఒకటే హడావుడి, కొట్ల ముందు లైన్లు, ఇంటికి ఒక్క బస్తాయే అని కాగితాలు అంటించారు. నేనేం చేశా? బెంచ్ చూసినదాన్ని, రోజుల లెక్క కనిపెట్టినదాన్ని, నాలుగు కొట్లు తిరిగి, మా ఆయన్ని వేరే, మా అబ్బాయిని వేరే లైన్లో నిలబెట్టి ఏడు బస్తాలు తెచ్చా. ఒక్కోటి 20 పౌండ్లు, రేటు దాదాపు రెట్టింపు. గరాజ్‌లో పెట్టా. డాలస్ ఎండలో గరాజ్ ఎలా ఉంటుందో నీకు ఈపాటికి తెలిసే ఉంటుంది, సెప్టెంబరుకి మూడు బస్తాల్లో పురుగు. పళ్ళెంలో పోసి ఎండలో పెట్టి ఏరుతుంటే పక్కింటి తెల్లావిడ ఏం చేస్తున్నావని అడిగింది, మెడిటేషన్ అన్నా. ఈలోపు కొట్లో బియ్యం ఉంటూనే ఉంది, ఆ నిషేధం మరుసటి ఏడు సెప్టెంబరులో ఎత్తేశారు కూడా. భయం వేసినప్పుడు కొన్నది కూడా అనవసరమైన కొనుగోలే, అది నాకు 55 ఏళ్ళు దగ్గరికొస్తుంటే తెలిసింది.

ఫోన్లో షాపింగ్ యాప్ తీసెయ్, కనీసం కార్డు నంబరు దాంట్లో సేవ్ చెయ్యకు, ప్రతిసారీ లేచి వెళ్ళి పర్సు తెచ్చి పదహారు అంకెలు కొట్టాలంటే సగం కోరికలు సోఫా దిగకముందే చస్తాయి. కావాలనిపించింది క్యాలెండర్ మీద వచ్చే శనివారం గడిలో రాయి, ఆ శనివారానికి కూడా కావాలనిపిస్తే కొను. పాప పుస్తకాలకి పబ్లిక్ లైబ్రరీ ఉంది, కార్డు ఊరికే ఇస్తారు. కరివేపాకుకి కుండీలో మొక్క పెట్టుకో, నా దగ్గర పిలకలున్నాయి ఇస్తా, చలికాలం లోపల పెట్టాలి, ఇండియా నుంచి మాత్రం తేకు, ఎయిర్‌పోర్టులో తీసేస్తారు.

అలా అని నాలా పిచ్చిగా చెయ్యకు. ఒక జులైలో నేను ఏసీ 84 ఫారెన్‌హీట్ మీద పెట్టి కూర్చున్నా, 23 డాలర్లు మిగిలాయి, మా ఆయన వారం రోజులు ఆఫీసు నుంచి రాత్రి పది దాకా ఇంటికి రాలేదు, అక్కడ చల్లగా ఉందట. అమ్మకి ఫోన్ చెయ్యడం, పళ్ళు తినడం, మందులు, వీటి జోలికి వెళ్ళకు.

సోఫా ఏమైందని అడుగుతావేమో. 2013లో ఇల్లు మారేటప్పుడు అమ్మకానికి పెడితే యూనివర్సిటీలో చదువుకునే మన కుర్రాళ్ళు ముగ్గురు వచ్చి 80 డాలర్లకి పట్టుకెళ్ళారు, అందులో ఇరవై తర్వాత ఇస్తామన్నారు, ఇవ్వలేదు. మా పాత లెక్కలో సరిగ్గా ఒక్క రోజు.

సరే, ఈ శనివారం సరుకులకి వెళ్తావు కదా, బిల్లు కింద టాక్స్ ఎంత పడిందో ఫోటో తీసి పంపు, చూసి తిడతా.