ఆవకాయ మరక ఎర్రబడితే?

ప్రశ్న: మా అత్తగారు ఊరి నుంచి వచ్చిన రోజే తెల్ల నూలు దుప్పటి మీద ఆవకాయ ముద్ద పడింది. కంగారులో బట్టల సబ్బు రుద్దాను. పసుపు మరక కాస్తా ఎర్రగా మారింది! దుప్పటి పాడైనట్టేనా?
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: పాడవలేదమ్మా, టెన్షన్ పడకండి. (మంచం మీద కంచం ఎందుకు పెట్టారని అడగనులెండి.) పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రబడుతుంది కదా, ఇదీ అంతే. సబ్బులోని క్షారం తగిలి పసుపులోని కుర్కుమిన్ ఎర్రబడింది. నిమ్మరసం కలిపిన నీళ్లు పోస్తే మళ్లీ పచ్చబడుతుంది. పెళ్లైన కొత్తలో నేనూ ఇలాగే హడలిపోయి దుప్పటిని బీరువా అడుగున దాచేశాను. చీకట్లో మరక అలాగే ఉండిపోయింది.

ముందు నూనె సంగతి చూడండి. గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చెంచా మరక మీద పోసి, పావుగంట ఆగి, గోరువెచ్చని నీళ్లతో ఉతకండి. తర్వాత తడి దుప్పటిని మరక పైకి వచ్చేలా ఎండలో ఆరేయండి. కుర్కుమిన్‌కి ఎండ పడదు, వెలిసిపోతుంది. పోకపోతే మర్నాడు మళ్లీ తడిపి ఆరేయండి. నాకు మూడు రోజులు పట్టింది. రంగు దుప్పట్లకి మాత్రం ఇది వద్దు, వాటి రంగూ వెలుస్తుంది. బ్లీచింగ్ పౌడర్‌ని నిమ్మరసంతో అస్సలు కలపకండి, విషవాయువు వస్తుంది.