ధ్రువ సముద్రాల చదువు మా అమ్మాయికి కూడు పెడుతుందా?

కొత్తపట్నం దగ్గర రొయ్యల చెరువులు చేసే ఒక తండ్రి రాశారు. అమ్మాయి ఒంగోలులో డిగ్రీ రెండో ఏడాది, జువాలజీ. ధ్రువ సముద్రాల్లో ఫైటోప్లాంక్టన్, అంటే నీళ్ళలో తేలే సూక్ష్మమైన నాచు, ఒకచోట పెరిగి ఇంకోచోట ఎందుకు పెరగదో రీసెర్చ్ చేస్తానంటోందట. "ఎక్కడో మంచులో నాచు గురించి చదివితే ఉద్యోగం ఎవరిస్తారు, బీఎడ్ చేయించమంటారా?" అని అడిగారు.

ఆ నాచు మీకు కొత్తది కాదండీ. తవుడు, బెల్లం, ఈస్ట్ పులియబెట్టి చెరువులో జ్యూస్ చల్లేది దానికోసమే కదా. నీళ్ళు లేత గోధుమ రంగుకు తిరిగితే డయాటమ్‌లు, అంటే సిలికా పెంకుండే నాచు, వచ్చాయని ఆ రాత్రి కంటినిండా నిద్రపోతారు, నాలుగు రోజులు మబ్బుపట్టి ప్లాంక్టన్ పడిపోతే తెల్లవారుజామున ఆక్సిజన్ ఎంతుందో అని టెన్షన్‌తో కట్టమీదే ఉంటారు. మీ అమ్మాయి అది చూస్తూ పెరిగిన పిల్ల.

చెరువులో నీటిని తిప్పేవి ఏరేటర్లు, సముద్రంలో తిప్పేవి ప్రవాహాలు. అంటార్కిటికా చుట్టూ ఏ నేలా అడ్డం లేకుండా పడమర నుంచి తూర్పుకు ఒక మహా ప్రవాహం తిరుగుతుంటుంది. అక్కడ లోతు నుంచి పైకొచ్చే నీళ్ళు నైట్రేటు, ఫాస్ఫేటు దండిగా తెస్తాయి, అయినా చాలాచోట్ల ప్లాంక్టన్ పల్చగానే ఉంటుంది, ఇనుము చాలదు కాబట్టి. అదే ప్రవాహం సౌత్ జార్జియా, కెర్గులెన్ దీవులను ఒరుసుకుంటూ పోయేటప్పుడు అక్కడి ఇనుమును మోసుకెళ్తుంది, వాటికి దిగువన వందల కిలోమీటర్ల మేర సముద్రం పచ్చబడుతుంది.

2009లో మన గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ వాళ్ళు, జర్మన్లు కలిసి, ఇనుము వేస్తే ప్లాంక్టన్ పెరిగి గాలిలోని కార్బన్‌ను సముద్రం అడుగుకు చేరుస్తుందా అని చూడటానికి లోహాఫెక్స్ అనే ప్రయోగం చేశారు. కలిపింది చెదిరిపోకుండా ఉండాలని ఒక పెద్ద సుడిని వెతికి, దాని లోపల 300 చదరపు కిలోమీటర్లలో ఐరన్ సల్ఫేట్ కలిపారు. ప్లాంక్టన్ పెరిగింది. కానీ ఆ నీళ్ళలో సిలికేట్ లేక డయాటమ్‌లు ఎదగలేదు, ఎదిగిన చిన్న రకాలను నీళ్ళలో తేలే చిన్న జీవులు, అంటే జంతు ప్లాంక్టన్, మేసేసింది, కార్బన్ అనుకున్నంత అడుగుకు చేరలేదు. సిలికేట్ లేని నీళ్ళలో డయాటమ్ నిలవదని మీకు ఒకరు చెప్పాలా?

అందుకే నేను గట్టిగా చెప్పేది, ఇది జువాలజీ ఒక్కదానితో అందే చదువు కాదు. ప్లాంక్టన్ ఏమిటో బయాలజీ చెబుతుంది, అక్కడే ఎందుకుందో చెప్పేది నీటి కదలిక, అంటే ఫిజిక్స్, లెక్కలు. లెక్కలంటే భయపడి బైపీసీ తీసుకున్న పిల్లలు ఇక్కడే ఆగిపోతారు, మీ అమ్మాయి ఆగకూడదు. ఇంటర్ ఎంపీసీ లెక్కల పుస్తకం ఇప్పుడే తెరవమనండి, కంప్యూటర్ ప్రోగ్రాములు రాసే పైథాన్ నేర్చుకోమనండి.

పీజీకి కాకుటూరులో విక్రమ సింహపురి యూనివర్సిటీలో మెరైన్ బయాలజీ ఉంది, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ ఉంది, తమిళనాడు వెళ్ళగలిగితే పరంగిపేటలో అన్నామలై వాళ్ళ కేంద్రం ఈ చదువుకు పేరున్నది. తర్వాత సీఎస్ఐఆర్ నెట్ పరీక్ష. అందులో జేఆర్ఎఫ్, అంటే రీసెర్చ్ ఫెలోషిప్, వస్తే నెలకు 37,000, పైన ఇంటద్దె అలవెన్సు. పీహెచ్‌డీకి ఐదేళ్ళు పడుతుంది, ఆ తర్వాత కూడా పర్మనెంట్ ఉద్యోగాలు తక్కువే, ఇది దాచి చెప్పడం నాకిష్టం లేదు. గోవాలోని ధ్రువ పరిశోధన కేంద్రం యాత్రలు పంపుతుంది, ఆర్కిటిక్‌లో మనకు 2008 నుంచి హిమాద్రి స్టేషన్ ఉంది, దాని ముందున్న ఫియర్డ్‌లోకి, అంటే కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయలోకి, అట్లాంటిక్ వెచ్చని నీళ్ళు చొరబడుతుంటే ప్లాంక్టన్ ఎలా మారుతోందో మనవాళ్ళూ చూస్తున్నారు.

అంతదూరం వెళ్ళకపోయినా ఈ పని ఇక్కడా ఉంది. చేపలు ఎక్కడ దొరకవచ్చో మన జాలర్లకు కబురు పంపేది హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్, ఉపగ్రహం చూసిన సముద్రపు రంగు, వేడి లెక్కగట్టే ఆ కబురు తయారవుతుంది. అలా సముద్రపు రంగు చూసే ఉపగ్రహం ఓషన్‌శాట్-3 ఎగిరింది 2022 నవంబర్‌లో మన పక్కనున్న శ్రీహరికోట నుంచే.

బీఎడ్ ఎమ్మెస్సీ తర్వాతా చేయొచ్చు, ఇప్పుడు తొందరపడకండి.

అమ్మాయికి ఒక మాట. ఈ సెలవుల్లో రోజూ ఒకే వేళకు చెరువు నీళ్ళు సీసాలో పట్టు తల్లీ, ఉప్పు శాతం, వేడి నోట్‌బుక్‌లో రాయి, కాలేజీ మైక్రోస్కోప్ కింద డయాటమ్‌లు లెక్కపెట్టు. ఏరేటర్ దగ్గర ఒక సీసా, కదలని మూలలో ఒక సీసా. రెండు నెలల అంకెలు గ్రాఫ్ గీసి నాకు పంపు.