రెండోనాడు ఏం తిన్నారు?

బరంపురం

చిరంజీవి నాయనకు ఆశీస్సులు.

నీ కథ రెండుసార్లు చదివాను. డిసెంబరులో కెనడా నుంచి ఇంగ్లండు పోతున్న సరుకు ఓడ, అందులో గోపాల్‌పూర్ కుర్రాడు, నడి అట్లాంటిక్‌లో తుపాను. ఆ కుర్రాడు నాకు బాగా నచ్చాడు. చిక్కల్లా తుపానుతోనే. అది అక్కడిది కాదు, మనది.

సాయంత్రం మబ్బు కమ్మిందన్నావు. అర్ధరాత్రికి గాలి ముదిరింది, ఉన్నట్టుండి అంతా సద్దుమణిగింది, కాసేపటికి ఎదురు దిక్కు నుంచి మళ్ళీ విరుచుకుపడింది, తెల్లారేసరికి తేటపడింది. నాయనా, ఇది 2013 అక్టోబరు 12 రాత్రి గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్ తుపాను. గంటకు 200 కిలోమీటర్లు దాటిన ఆ గాలిని చిన్నప్పుడు నువ్వు తలుపు వెనక నుంచి విన్నావు. తెలిసిన గాలినే కథలో పెట్టావు, అందులో తప్పులేదు. కానీ చలికాలపు అట్లాంటిక్‌లో పుట్టే గాలి దారి వేరు.

మన తుపానుకు తిండి వెచ్చటి సముద్రం. నేల ఎక్కగానే నీరసిస్తుంది. దాని ఉగ్రతంతా నడిమధ్య ప్రశాంతంగా ఉండే కన్ను చుట్టూ కొద్ది మేరలోనే. అక్కడ కెనడా వైపు నుంచి వచ్చే మంచుగాలి, దక్షిణం నుంచి వచ్చే వెచ్చటి గాలి ఢీకొన్నచోట వాయుగుండం పుడుతుంది. అది వెయ్యి కిలోమీటర్లకు పైగా పరుచుకుంటుంది. దానికి మనం ఎరిగిన కన్ను ఉండదు. మొదట నైరుతి గాలి, వాన. ఆ తర్వాత గాలి చటుక్కున వాయవ్యానికి తిరుగుతుంది, చలి దిగుతుంది, మబ్బులు విడిపోయి నీలం కనిపిస్తుంది. గాలి మాత్రం తగ్గదు. పాత కెరటాలు ఒకవైపు నుంచి, కొత్తవి ఇంకోవైపు నుంచి లేచి సముద్రం ఇంకా పాడవుతుంది. ఎండలో ఓడ విరిగిపోయేలా ఊగడం ఊహించు! అది గడిచిందనుకునేలోగా వెనక ఇంకొకటి సిద్ధం.

అందుకే అక్కడి కథ ఒక రాత్రిలో తెమలదు. నా మొదటి ఓడ కథలో నేనూ ఇదే పొరపాటు చేశాను. గోపాల్‌పూర్‌లో ఒక ముసలి ఖలాసీకి చదివి వినిపిస్తే, చివరిదాకా విని ఒక్కటే అడిగాడు: "అయితే రెండోనాడు ఏటి తిన్నారు బాబూ?" నా దగ్గర జవాబు లేదు. అప్పుడు ఆయనే చెప్పుకొచ్చాడు. పళ్ళాలు జారకుండా బల్లమీద తడిగుడ్డ పరుస్తారట. కుండలు దొర్లకుండా పొయ్యి చుట్టూ ఇనుప కడ్డీలుంటాయట. పరుపు అంచు కింద లైఫ్ జాకెట్ దోపి, గోడకూ పరుపుకూ మధ్య ఇరుక్కుని పడుకుంటే తప్ప మంచం మీద నిలవలేరట. వెనక భాగం కెరటం మీద లేచినప్పుడు ప్రొపెల్లర్ నీళ్ళలోంచి బయటికొచ్చి గిర్రున తిరుగుతుంది, ఓడంతా వణుకుతుంది, ఆ వణుకు పళ్ళల్లోకి వస్తుంది. మూడోరోజుకు భయం పోతుందట, ఒళ్ళు అలిసిపోయి. నీ కథకు ఆ మూడోరోజు కావాలి.

ఇంకో మాట. "భీకరమైన గాలి" అని ఆరుచోట్ల రాశావు. రెండు శతాబ్దాల కిందట బ్యూఫోర్ట్ అనే బ్రిటిష్ నౌకాదళ అధికారి గాలికి 0 నుంచి 12 దాకా అంకెలు వేశాడు. గాలి ఎంత భీకరంగా ఉందో ఆయన చెప్పలేదు, ఓడ ఏ తెరచాపలు నిలుపుకోగలదో చెప్పాడు. 12 అంటే ఏ తెరచాపా తట్టుకోలేని గాలి. తర్వాతివాళ్ళు సముద్రం రూపాన్ని చేర్చారు. 8లో కెరటాల కొసలు తెగి తుంపరవుతాయి, నురగ గాలివాటున చారలు కడుతుంది. 10 వచ్చేసరికి సముద్రమే తెల్లగా కనిపిస్తుంది. నీ ఆరు భీకరాలూ తీసేసి, ప్రతిచోటా గాలి ఏ వస్తువును ఏం చేసిందో రాయి.

మంచు సంగతి నీ కథలో అసలు లేదు. ఉత్తరాన ఎగిరిన తుంపర తాళ్ళమీద, స్తంభాలమీద గడ్డకడుతుంది. సుత్తులతో కొట్టి రాల్చాలి. పైన బరువు పెరిగేకొద్దీ ఓడ ఊపు నెమ్మదిస్తుంది. కొత్తవాడికి అది హాయిగా ఉంటుంది. పాతవాడికి గుండె జారుతుంది, ఎందుకంటే ఒరిగిన ఓడ ఇక లేవడానికి జంకుతోందన్నమాట. 1968 జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఇంగ్లండులోని హల్ రేవు నుంచి వెళ్ళిన మూడు చేపల ఓడలు పోయాయి, 58 మంది చనిపోయారు. వాటిలో రాస్ క్లీవ్‌లాండ్ ఐస్‌లాండ్ తీరంలో తలదాచుకోబోయి, మంచు బరువుకూ గాలికీ ఒరిగి మునిగింది. అందులో బతికింది ఒక్కడే. ఆ రేవు ఆడవాళ్ళు ఊరుకోలేదు. లండన్ వెళ్ళి మంత్రుల్ని కలిసి, ప్రతి ఓడలోనూ రేడియో మనిషి ఉండాలని పట్టుబట్టి సాధించారు. నీ కథలో తల్లి గంగమ్మకు దీపం పెట్టి ఏడుస్తూ కూర్చుంది. ఆమెను ఒకసారి లేపి నడిపించు, ఎక్కడికి పోతుందో చూడు.

భాష గురించి భయపడకు. ఒడియా బడిలో చదివాను, నా తెలుగు సరిగా ఉండదేమో అని రాశావు. మీ ఇంటి తెలుగు నాకు బంగారం. "నౌకాధిపతి", "నావికాగణం" కొట్టేసి ఓడల్లో పనిచేసిన మీ మావయ్య అనే మాటలు పెట్టు: కెప్టెన్, సరంగు, డెక్కు. మధ్యలో ఒడియా మాట వస్తే రానీ.

ఆదివారం పొద్దున్నే రా. మావయ్యను అడిగి ఆయన పాత సీడీసీ, అదే నావికుల సర్వీసు పుస్తకం, తీసుకురా. ఏ ఓడ ఎప్పుడు ఎక్కాడో, ఎప్పుడు దిగాడో అందులో ముద్రలుంటాయి. డిసెంబరు, జనవరి నెలల్లో ఆయన ఉత్తరాన ఉన్న ప్రయాణాలు వెతుకుదాం. ఒక్కటి దొరికినా, ఆ రెండోనాడు ఏం తిన్నారో ఆయన్నే అడగొచ్చు.

నీ మేలు కోరే
పెద్దనాన్న