మా తిరుపతి స్కూల్లో జూన్ నుంచి కొత్త మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్. ముందుగా ఏం సిద్ధం చేసుకోవాలి?

మార్చాల్సింది సాఫ్ట్‌వేరే అయినా, అసలు పనంతా పాత డేటాను సరిచేయడంలోనే ఉంటుంది. వేసవి సెలవుల్లోనే ముగించండి. అడ్మిషన్లు ఊపందుకున్నాక ఆఫీసులో ఎవరికీ తీరదు.

పిల్లల్ని అడ్మిషన్ నంబరుతోనే గుర్తించండి, ఫోన్ నంబరుతో వద్దు. అన్నాచెల్లెళ్లకు ఒకటే నంబరుంటే ఒకరి ఫీజు ఇంకొకరి ఖాతాలో పడుతుంది.

ఎక్కువగా దెబ్బతినేది ఎక్సెల్ దగ్గర. 12 అంకెల ఆధార్, అపార్ (విద్యార్థి గుర్తింపు) నంబర్లు 1.23E+11లా కనిపిస్తాయి, అలాగే సీఎస్‌వీగా (సాదా టెక్స్ట్ ఫైలుగా) సేవ్ చేస్తే చివరి అంకెలు పోయినట్టే, మళ్లీ రావు. నంబర్లు ఎక్కించకముందే ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా మార్చాలి. 05-06-2014 జూన్ 5వ తేదీయా, మే 6వ తేదీయా? పుట్టిన తేదీలు అడ్మిషన్ రిజిస్టరుతో పోల్చండి.

పేర్లు యూడైస్ ప్లస్‌లో (కేంద్ర విద్యాశాఖ స్కూళ్ల డేటా పోర్టల్‌లో) ఉన్నట్టే ఉండాలి. మన చిత్తూరు వైపు కొందరికి ఇంటిపేరు, తమిళ కుటుంబాలకు తండ్రి పేరు ఇనిషియల్. ఇంటిపేరు గడి తప్పనిసరి అంటే గుమస్తా ఏదో ఒకటి కొట్టేస్తాడు. ఆ నిబంధన తీసేయించండి.

ఫీజు బాకీలను ఒక తేదీకి ముగించి, కొత్త సాఫ్ట్‌వేర్‌లో ప్రారంభ నిల్వగా (ఓపెనింగ్ బ్యాలెన్స్) ఎక్కించండి. ముందు ఒక్క సెక్షన్‌తో ప్రయత్నించి, మొత్తం సరిపోయాకే మిగతావి. పాత సిస్టమ్‌ను చూడ్డానికి మాత్రం ఏడాది ఉంచండి, టీసీలకు కావాలి.