బర్రెలు కొనేముందు బోరు కొలువు

అల్లుడా,

నర్సంపేట దగ్గర మన పొలంలో పది ముర్రా బర్రెలతో డైరీ పెడతానని ఫోన్లో అన్నావు. వద్దనను. కాకపోతే లోన్ కాగితాల మీద సంతకం పెట్టేముందు ఈ ఉత్తరం చదువు.

నీ లెక్కలో నీళ్లంటే బర్రెలు తాగేవి, కొట్టం కడిగేవి, అంతే. పెద్ద బర్రె రోజుకు 60, 70 లీటర్లు తాగుతుంది, ఎండాకాలం ఇంకా ఎక్కువ. అయినా అది చిన్న లెక్కే. అసలు తాగేది గడ్డి. ఎకరం సూపర్ నేపియర్‌కు రెండంగుళాల తడి పెడితే రెండు లక్షల లీటర్లు పోయినట్టే. నీ పది బర్రెలకు తొమ్మిది నెలలు తాగడానికి సరిపోయే నీళ్లు, ఒక్క తడికి! ఎండలు ముదిరితే ఆ గడ్డి వారం తిరగకముందే మళ్లీ అడుగుతుంది.

అందుకే బోరును మే నెలలో కొలువు. చెరువులు నిండినప్పుడు ప్రతి బోరూ మంచి బోరే. పైపు కింద 200 లీటర్ల డ్రమ్ము పెట్టి, ఎన్ని సెకన్లకు నిండుతుందో చూడు. 100 సెకన్లు పట్టిందంటే గంటకు 7,200 లీటర్లు. అంటే ఎకరానికి ఒక్క తడికే 28 గంటలు మోటరు నడవాలి. కరెంటు ఫ్రీ కదా అంటావేమో. కరెంటు వస్తుంది, నీళ్లు రావాలి కదా. మన దిక్కు కిందంతా రాయి, పగుళ్లలో ఉన్నంతే నీళ్లు. ఇంకో బోరు వేస్తే పక్కోళ్ల బోరు ఎండుతుంది, పంచాయితీ మొదలవుతుంది.

నేపియర్ అరెకరం చాలు, అదీ డ్రిప్ మీద. వానాకాలంలో జొన్న, అలసంద కలిపి చల్లు. మిగతా కడుపు వరిగడ్డితో నింపు. యాసంగి కోతలయ్యాక ఎంత గడ్డి తగలబెడుతున్నారో చూస్తూనే ఉన్నావు, ఆ పొగ మనమే పీలుస్తున్నాం. ఆ గడ్డి కట్టించి తెచ్చుకో. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియా, 50 లీటర్ల నీళ్లలో పూర్తిగా కరిగించి, పొరపొరకూ చల్లి తొక్కి, గాలి చొరకుండా మూడు వారాలు కప్పి ఉంచు. తీశాక వాసన పోయేదాకా ఆరబెట్టి కొంచెం కొంచెంగా అలవాటు చెయ్. ఆరు నెలల లోపు దూడలకు పెట్టకు. ఆ యూరియా నీళ్లు బర్రె మూతికి అందితే ప్రాణమే పోతుంది, బకెట్ అక్కడ వదిలిపెట్టకు.

పెండ సంగతి. కడిగిన నీళ్లు కుంటలోకి వదిలితే నాచు, గుర్రపుడెక్క పట్టి రెండేళ్లలో కుంట పాడవుతుంది. కాలువ తీసి గడ్డి మడిలోకే మళ్లించు. పెంటకుప్ప బావికి దూరంగా ఉండాలి. గోబర్ గ్యాస్ కట్టుకుంటే మేలు: రెండు ఘనపు మీటర్ల దానికి రోజుకు 50 కిలోల పెండ చాలు, వంటింటి పొయ్యి నడుస్తుంది. కుప్పలో కుళ్లి గాలిలోకి పోయే మీథేన్‌లో, అదే భూమిని వేడెక్కించే గ్యాస్‌లో, కొంత అలా కాలిపోతుంది. బర్రె నెమరేస్తూ నోటితో వదిలేదాన్ని మాత్రం ఆపలేం. పాలిచ్చినా, వట్టిపోయినా అది తాగుతుంది, తింటుంది, తేన్చుతుంది. అందుకే అగ్గువకు వచ్చాయని పాలు తక్కువిచ్చేవి పది కొనేకన్నా మంచివి ఐదు మేలు. మీ బాపు దీనికి ఒప్పుకోడు, ఆయనకు కొట్టం నిండుగా కనపడాలి.

మే నెల దాటాక డ్రమ్ము లెక్క రాసుకొని ఫోన్ చెయ్. ఐదా, పదా అనేది అప్పుడు మాట్లాడదాం. సంతకు నేనూ వస్తా.

మీ అత్త