వేడెక్కాక వెలిగే ఆయిల్ దీపం: ఇంజను దించే ముందు కొలిచి చూడవలసినవి

గుంటూరు నుంచి మీరు అడిగిన ప్రశ్నను ముందుగా క్లుప్తంగా చెప్పుకుంటాను. మీ నాన్నగారి కాలం నాటి డీజిల్ జీపు ఉదయం చల్లగా ఉన్నప్పుడు బాగానే ఉంటోంది. విజయవాడ వైపు హైవే మీద కొంతసేపు నడిచి కాజ టోల్ గేటు దగ్గర వరుసలో ఆగినప్పుడు మాత్రం ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు) ఎర్రటి ఆయిల్ దీపం మినుకుమినుకుమంటోంది, యాక్సిలరేటర్ కాస్త తొక్కగానే ఆరిపోతోంది. ఒక మేస్త్రీ ఆ దీపాన్ని వెలిగించే ఆయిల్ స్విచ్ మార్చినా ఫలితం కనిపించలేదు. రెండో ఆయన ఇంజను దించి క్రాంకును (పిస్టన్ల కదలికతో తిరిగే ఇంజను ప్రధాన ఇరుసును) గ్రైండింగ్‌కు ఇవ్వాలంటున్నారు. మూడో ఆయన చిక్కటి నూనె పోస్తే సరిపోతుందంటున్నారు. ముగ్గురిలో ఎవరి మాట వినాలన్నది మీ ప్రశ్న.

నా సమాధానం ఏమిటంటే, ఆ ముగ్గురిలో ఒక్కరూ నూనె ప్రెషర్ ఎంత ఉందో కొలవలేదు కనుక ఇప్పుడే ఎవరి మాటా వినవలసిన అవసరం లేదు. నేను వృత్తిరీత్యా మెకానిక్‌ను కాను. అయితే విజయవాడ ఆటోనగర్‌లో మా మేనమామగారికి క్రాంకు గ్రైండింగ్ షెడ్డు ఉండేది. చదువుకునే రోజుల్లో నా వేసవి సెలవులన్నీ ఆ షెడ్డులోనే గడిచాయి. తర్వాత చాలా ఏళ్లపాటు ఒక డీజిల్ అంబాసిడర్‌ను నడిపాను. మీకు వచ్చిన ఇబ్బంది వంటిదే దానికీ వచ్చింది, ఇంజను దించకుండానే దారి దొరికింది. మీ బండి విషయంలో కూడా అలాగే జరుగుతుందని నేను చెప్పలేను కానీ, ఆ సంగతి తేల్చుకునే పద్ధతి మాత్రం ఒకటే.

ప్రెషర్‌ను పుట్టించేది ఆయిల్ పంపు అని చాలామంది అనుకుంటారు. పంపు చేసే పని నూనెను తోయడం మాత్రమే. ఆ నూనె క్రాంకును పట్టి ఉంచే బేరింగుల సందుల్లోంచి బయటపడడానికి ఎంత కష్టపడితే లోపలి దారుల్లో ప్రెషర్ అంత నిలుస్తుంది. మన డెల్టా కాలువలతో పోల్చుకుంటే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. పైన లాకుల దగ్గర ఎంత నీరు వదిలినా, మధ్యలో గట్లకు గండ్లు పడితే చివరి ఆయకట్టుకు నీరందదు. ఇంజనులో ఆ గండ్లు అరిగిన బేరింగులు. క్రాంకుకూ బేరింగ్ షెల్‌కూ (బేరింగులోని పలచటి లోహపు రేకుకూ) మధ్య ఉండవలసిన సందు చాలా ఇంజన్లలో 0.03 నుంచి 0.08 మిల్లీమీటర్ల లోపు, అంటే తల వెంట్రుక మందానికి కాస్త అటూ ఇటూగా ఉంటుంది. ఆ సందు రెండింతలైతే కారిపోయే నూనె రెండింతలతో ఆగదు, దాదాపు ఎనిమిదింతలవుతుంది. సన్నటి సందులోంచి కారే పరిమాణం ఆ సందు వెడల్పు ఘనాన్ని బట్టి పెరగడమే దీనికి కారణం. దీనికి వేడి తోడవుతుంది. 15డబ్ల్యూ-40 గ్రేడు నూనెకు 40 డిగ్రీల దగ్గర ఉన్న చిక్కదనంలో 100 డిగ్రీల దగ్గర సుమారు ఏడో వంతే మిగులుతుంది. అందువల్ల రోహిణి కార్తె ఎండలో హైవే మీద నడిచి వచ్చి ఐడిల్‌లో నిలబడిన క్షణమే ఏ పాత ఇంజనుకైనా అన్నింటికంటే బలహీనమైన క్షణం. అప్పుడు నూనె పూర్తిగా పలచబడి ఉంటుంది, పంపు అతి నెమ్మదిగా తిరుగుతూ ఉంటుంది. మీ దీపం సరిగ్గా అప్పుడే వెలుగుతోంది కనుక బేరింగుల మీద అనుమానం న్యాయమైనదే. కానీ అదే లక్షణాన్ని ఇంకా చవకైన కారణాలు కూడా చూపించగలవు.

ఈ లోపు ఒక జాగ్రత్త తప్పనిసరిగా పాటించండి. ఆయిల్ స్విచ్ చాలా బండ్లలో 0.3 నుంచి 0.5 బార్ మధ్య, అంటే 4 నుంచి 7 పీఎస్ఐ మధ్య (రెండూ ప్రెషర్ కొలతలే) దీపాన్ని వెలిగిస్తుంది. కాబట్టి దీపం ఆరి ఉందంటే ప్రెషర్ బాగుందని కాదు, పూర్తిగా అడుగంటలేదని మాత్రమే. ఐడిల్‌లో మినుకుమనే దీపం నడుస్తున్నప్పుడు కూడా స్థిరంగా వెలిగితే వెంటనే పక్కకు తీసి ఇంజను ఆపేయండి. వారధి దాటాక చూసుకుందామని అనుకోవద్దు. నూనె అందని బేరింగు పాడవడానికి కొద్ది నిమిషాలు చాలు.

ఇక వరుసగా చూడవలసినవి చెబుతాను. బండిని సమతలం మీద నిలిపి, ఇంజను ఆపి పది నిమిషాలు ఆగి, డిప్‌స్టిక్ తీసి చూడండి. మట్టం తక్కువగా ఉంటే మలుపుల్లోనూ బ్రేకు వేసినప్పుడూ దీపం మెరుస్తుంది, అది నూనె పోస్తే తీరే సమస్య. నన్ను ఎక్కువగా భయపెట్టేది మట్టం పెరగడం. పాత డీజిల్ ఇంజన్లలో డీజిల్‌ను లాగి అందించే చిన్న ఫీడ్ పంపు లోపల పాడైతే, ఆ డీజిల్ నేరుగా ఛాంబరులోకి (ఇంజను అడుగున నూనె నిలిచే పళ్లెంలోకి) దిగి నూనెను పలచన చేస్తుంది. పుల్ల కొన మీది చుక్కను వేళ్ల మధ్య రాసి చూడండి, వాసన చూడండి, పాత దినపత్రిక మీద ఒక చుక్క వేసి చూడండి. డీజిల్ కలిసిన చుక్క చుట్టూ పలచటి వలయం వేగంగా పరుచుకుంటుంది. అలా ఉంటే ఫీడ్ పంపు బాగుచేయించి, నూనె, ఫిల్టరు మార్చిన తర్వాతే మిగిలిన పరీక్షల సంగతి చూడాలి. నూనె మజ్జిగ రంగుకు తిరిగి ఉంటే రేడియేటర్ నీళ్లు కలుస్తున్నట్లు, అది వేరే కథ.

మీ మేస్త్రీ స్విచ్ మార్చారన్నారు, వైరు చూశారో లేదో మీరు రాయలేదు. స్విచ్ నుంచి వైరు ఊడదీసి ఇగ్నిషన్ ఆన్ చేయండి. అప్పుడు కూడా దీపం వెలుగుతూనే ఉంటే ఆ వైరు ఎక్కడో ఒరుసుకుపోయి బాడీకి తగులుతోంది, ఇంజనులో తప్పు ఉందనడానికి అది సాక్ష్యం కాదు. యాక్సిలరేటర్ తొక్కగానే ఆరిపోతోంది కనుక మీ బండిలో తప్పు వైరుది కాకపోవచ్చని నా అభిప్రాయం. అయినా రెండు నిమిషాల పని కాబట్టి వదిలిపెట్టకండి. స్విచ్ మరకు తెల్లటి టేపు చుట్టి బిగించే అలవాటు కొందరికి ఉంది. ఆ టేపు ముక్క ఊడి నూనె దారిలో పడే ప్రమాదం ఉంది కనుక దాన్ని నేను ఇష్టపడను.

అసలు పరీక్ష ఆ తర్వాతది. స్విచ్ విప్పి, అదే రంధ్రంలో ముల్లుతో నేరుగా ప్రెషర్ చూపించే మెకానికల్ మీటరు బిగించాలి. ఆటోనగర్‌లో ఈ మీటరు అద్దెకైనా, అడిగి తీసుకోవడానికైనా దొరుకుతుంది. మర కలవకపోతే ఏ లేత్ షెడ్డులోనైనా ఇత్తడి అడాప్టర్ చేసి ఇస్తారు. ఇంజను చల్లగా ఉన్నప్పుడు ఐడిల్‌లో ఒక రీడింగు రాసుకోండి. తర్వాత కనీసం ఇరవై నిమిషాలు రోడ్డు మీద నడిపి, బాగా వేడెక్కాక ఐడిల్‌లో ఒకటి, సుమారు 2,500 ఆర్‌పీఎం దగ్గర ఒకటి రాసుకోండి. కారణం ఆ చివరి రెండు అంకెల్లోనే దొరుకుతుంది. మీ బండి మాన్యువల్‌లో ఉన్న అంకెలే ప్రమాణం. అది దొరకకపోతే ప్రతి 1,000 ఆర్‌పీఎంకు సుమారు 10 పీఎస్ఐ ఉండాలన్న పాత మేస్త్రీల లెక్కతో సరిచూసుకోవచ్చు. వేడి మీద ఐడిల్‌లో 12, వేగం మీద 40 చూపితే ఆ ఇంజనును దించవలసిన పని లేదు, కొత్తగా వేసిన స్విచ్ నాసిరకమో, ఐడిల్ మరీ తక్కువ పెట్టారో చూడాలి. ఐడిల్‌లో 5, వేగం మీద 20 దాటకపోతే బేరింగులు గానీ, పంపు గానీ అరిగి ఉండాలి. ఎంత వేగానికైనా ముల్లు ఒకే దగ్గర తక్కువగా నిలబడిపోతే ప్రెషర్ మరీ పెరిగితే నూనెను వెనక్కి వదిలే రిలీఫ్ వాల్వు తెరుచుకుని ఇరుక్కుందేమో చూడాలి. ఒక స్ప్రింగు, ఒక ప్లంజరు, వాటి మధ్య ఇరుక్కున్న చిన్న చెత్త ముక్క చాలు, నూనె అంతా తిరిగి ఛాంబరులోకి పోవడానికి. చాలా ఇంజన్లలో దాన్ని బయటి నుంచే ఒక బోల్టు విప్పి తీయవచ్చు.

నా అంబాసిడర్‌లో ముల్లు చూపిన తీరు వీటిలో దేనితోనూ కలవలేదు. వేడి మీద ఐడిల్‌లో 20 చూపించింది. వేగం పెంచగానే పెరగవలసిన ముల్లు వణుకుతూ 14కు దిగింది. ఇంజను ఆపి పది నిమిషాలు ఆగి మళ్లీ స్టార్ట్ చేస్తే కాసేపు బాగానే ఉండేది. అప్పటికే ఒక మేస్త్రీ బేరింగులు పోయాయని తేల్చి, ఇంజను దించడానికి రోజు కూడా చెప్పి ఉన్నారు. మా మేనమామగారికి ఫోను చేసి అంకెలు చదివితే ఆయన ఒకే మాటన్నారు: "బేరింగు పోతే ఐడిల్‌లో ఏడుస్తుంది, స్పీడు మీద ఏడుస్తోందంటే నూనె లాక్కోలేకపోతోందిరా, ఛాంబరు దించు."

ఛాంబరు దించడమంటే ఇంజను దించడం కాదు. ఈ తేడా తెలియక చాలామంది ఒకేసారి పెద్ద ఖర్చుకు ఒప్పుకుంటారు. నూనె తీసేసి, అడుగున చుట్టూ ఉన్న బోల్టులు విప్పితే ఆ రేకు పళ్లెం కిందికి వస్తుంది. కొన్ని బండ్లలో ముందు ఇరుసు అడ్డొస్తుంది కనుక మౌంటింగులు వదులు చేసి ఇంజనును నాలుగు వేళ్ల ఎత్తు లేపవలసి రావచ్చు. నా కారుకు ఛాంబరు దించగానే అడుగున వేలు పెడితే తారులాంటి మడ్డి తగిలింది. పంపు నూనె లాక్కునే చోట ఉండే జాలీని, అంటే స్ట్రైనర్‌ను విప్పి అరచేతిలో పెట్టుకుని చూస్తే జాలీలో సగానికి పైగా నల్లటి రబ్బరు ముక్కలు అతుక్కుని ఉన్నాయి. కొన్ని సేమ్యా పోగుల్లా సన్నగా, కొన్ని చింతపిక్క తొక్కల్లా చదునుగా ఉన్నాయి. అంతకు ఏడాది ముందు నూనె కారుతోందని ఛాంబరు విప్పి బిగించినప్పుడు, ఆ పని చేసిన వారు గ్యాస్కెట్ పేస్టును దట్టంగా పట్టించారు. బిగించినప్పుడు బయటికి పొంగినంతా లోపలికీ పొంగింది. లోపలి అంచున పొంగిన పేస్టు ఊడి, పంపు వేగంగా లాగినప్పుడల్లా జాలీకి అంటుకునేది, ఇంజను ఆపగానే కొన్ని ముక్కలు రాలిపోయేవి. పది నిమిషాల విశ్రాంతి తర్వాత ప్రెషర్ తిరిగి రావడానికి కారణం అదే. కిరసనాయిలులో బ్రష్షుతో కడిగి వెలుతురుకు ఎత్తి చూసినప్పుడు జాలీలోంచి ఆకాశం కనిపించింది.

ఛాంబరు ఎలాగూ దిగింది కనుక రెండు కనెక్టింగ్ రాడ్ల టోపీలు, ఒక మెయిన్ టోపీ (బేరింగులను క్రాంకుకు బిగించి ఉంచే మూతలు) విప్పి షెల్స్ చూశాను. మీరూ అలాగే చూడండి. మామూలుగా షెల్ పైపూత బూడిద రంగులో ఉంటుంది. అది అరిగితే కింద రాగి రంగు బయటపడుతుంది. ఎక్కువ భాగంలో రాగి కనిపించినా, క్రాంకు మీద గోటికి తగిలే గీతలున్నా గ్రైండింగ్ తప్పదు. క్రాంకు నున్నగా ఉండి, మైక్రోమీటరుతో రెండు దిక్కుల్లో కొలిచినప్పుడు గుండ్రదనం పోలేదని తేలితే, అదే సైజు కొత్త షెల్స్ వేసి ఛాంబరు మూసేయవచ్చు. నా కారుకు జరిగింది అదే, ఆ తర్వాత ఆరేళ్లు ఆ ఇంజనును దించలేదు. ఏ టోపీ ఏ రాడ్డుదో, ఏ వైపు ముందుందో విప్పే ముందే గుర్తు పెట్టడం, బోల్టులను టార్క్ రెంచితో బిగించడం మరిచిపోకూడదు. ఆయిల్ పంపు ఎలాగూ చేతికి అందుతుంది కనుక దాని గేర్ల సందును ఫీలర్ గేజితో చూడమనండి. పంపులు బేరింగుల కంటే నిదానంగా అరుగుతాయి. దాన్ని ఒక్కదాన్నే మార్చి, బేరింగులు చూడకుండా మూసేస్తామంటే ఒప్పుకోకండి.

చిక్కటి నూనె గురించి కొంచెం గట్టిగానే చెబుతాను. 15డబ్ల్యూ-40 బదులు 20డబ్ల్యూ-50 పోస్తే ఐడిల్‌లో ప్రెషర్ కొంత పెరుగుతుందన్నది నిజమే. ఎంత అరిగిందో కొలిచి తెలుసుకున్న తర్వాత, పెద్ద పనికి డబ్బు సమకూర్చుకునే వరకు తెలిసే అలా నడిపితే నేను తప్పు పట్టను. కొలవకుండా దీపాన్ని ఆర్పడానికి పోయడం మాత్రం ప్రమాదం. మా మేనమామగారి షెడ్డుకు ఒక వ్యాను క్రాంకు వచ్చిన రోజు నాకింకా గుర్తుంది. దాని యజమాని దీపం వెలిగినప్పుడల్లా ఇంకా చిక్కటి నూనె పోస్తూ నెలల తరబడి అద్దెలు తోలుకున్నాడు. చివరికి ఒక షెల్ తన స్థానంలోనే గిర్రున తిరిగిపోయి, క్రాంకును నీలం రంగు వచ్చేదాకా కాల్చేసింది. అప్పటికే 30 థౌకు (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) తగ్గించి ఉన్న క్రాంకు అది. 40కి పట్టినా గీతలు పోలేదు. ఆ మనిషి క్రాంకును ఒళ్లో పెట్టుకుని షెడ్డు గుమ్మంలో చాలాసేపు కూర్చున్నాడు. మొదటిసారి దీపం వెలిగినప్పుడే ఛాంబరు దించి ఉంటే అతనికి షెల్స్ ఖర్చుతో సరిపోయేది.

తిరిగి బిగించేటప్పుడు రెండు విషయాలు దగ్గరుండి చూసుకోండి. పేస్టు సన్నటి గీతగా మాత్రమే రాయించండి, లోపలి అంచుకు పొంగితే గుడ్డతో తుడిపించండి. పంపును ఖాళీగా బిగించనివ్వకండి, ముందే నూనెతో నింపించండి. స్టాప్ కేబుల్ లాగి ఆపే ఇంజను అయితే ఆ కేబుల్ లాగి పట్టుకుని, దీపం ఆరే వరకు పది సెకన్ల చొప్పున ఆగి ఆగి సెల్ఫ్ కొట్టిన తర్వాతే స్టార్ట్ చేయండి. తొలి స్టార్టు ఎండు బేరింగులతో జరగకుండా ఇది కాపాడుతుంది.

మీ బండి విషయంలో నా అంచనా బేరింగుల వైపే కొంత మొగ్గుతోంది, ఎందుకంటే మీ దీపం ఐడిల్‌లో వెలిగి వేగం మీద ఆరుతోంది. అయినా నూనెలో డీజిల్ కలవలేదని మీరు నిర్ధారించుకునే వరకు, వేడి మీద తీసిన రెండు రీడింగులు మీ చేతికొచ్చే వరకు ఇంజను దించడానికి అడ్వాన్సు ఇవ్వకండి. చల్లగా ఉన్నప్పటి రీడింగు, వేడి మీద రెండు రీడింగులు, ఇప్పుడు ఛాంబరులో ఉన్న నూనె గ్రేడు, చివరిసారి ఛాంబరు ఎప్పుడు విప్పారన్నది ఇక్కడ రాయండి. వాటిని చూసి తర్వాత ఏది విప్పాలో చెబుతాను.