నల్ల జుట్టుకి నీలం రంగు: డాలరు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ మిగల్చాలి

చెల్లీ, డెంటన్‌లో ఎమ్మెస్ మొదటి సెమిస్టర్ అన్నావు. నడుం దాకా ఉన్న నల్ల జుట్టు మొత్తానికీ నీలం రంగు వేసుకోవాలనుంది, సెలూన్‌కి పెట్టేంత డబ్బు లేదు, ఇంట్లోనే వేసుకుంటే ఎంతవుతుంది అని అడిగావు. ముందు లెక్కే చెప్తాను. ఈ దేశానికి కొత్తగా వచ్చిన మన పిల్లలు దెబ్బతినేది రంగు దగ్గర కాదు, లెక్క దగ్గర.

డాలస్ చుట్టుపక్కల సెలూన్‌లో నల్ల జుట్టుని బ్లీచ్ చేసి పైన ఇలాంటి రంగు వెయ్యడానికి 200, 300 డాలర్లు మామూలు మాట. నీ అంత పొడవుంటే ఇంకా పైకి పోతుంది. దాని మీద 20 శాతం టిప్. ఒక్క సిట్టింగ్‌లో అవదని కూడా చెప్తారు, అది నిజమే. ఇంట్లో అయితే బ్లీచ్ పొడి, అందులో కలిపే డెవలపర్ ద్రవం, రంగు సీసా, గ్లవుజులు, గిన్నె, కుంచె అన్నీ కలిపి 50, 60 డాలర్లు. రేటు చీటీ మీద ఉన్న అంకె చూసి లెక్కేసుకోకు, మన ఊళ్ళలో బిల్లు దగ్గర 8.25 శాతం టాక్స్ కలుస్తుంది. రూపాయల్లోకి మార్చి చూసుకుంటే ఈ తేడా ఎంతో నీకే తెలుసు. నేనూ ఆ తేడా చూసే ఇంట్లో మొదలుపెట్టాను, ఇన్నేళ్ళుగా ఇంట్లోనే వేసుకుంటున్నాను. మా ఆఫీసులో అమెరికన్ అమ్మాయిలు ఏ సెలూనని నన్ను అడుగుతారు. అయితే ఆ 60 డాలర్లు 60 దగ్గరే ఆగాలంటే తెలుసుకోవాల్సినవి ఉన్నాయి. వీడియోల్లో చూపించేది చాలావరకు గోధుమరంగు జుట్టు మీద. మనది నలుపు.

నలుపులో ఎరుపు దాక్కుని ఉంటుంది. జుట్టుకి నలుపునిచ్చే మెలనిన్‌ని బ్లీచ్ తీసేకొద్దీ ముందు ఎరుపు, తర్వాత నారింజ, ఆ తర్వాత పసుపు, చివరికి లేత పసుపు బయటపడతాయి. మొదటి బ్లీచ్‌కి మన జుట్టు సాధారణంగా నారింజ దగ్గర ఆగిపోతుంది. నారింజ మీద నీలం వేస్తే నీలం రాదు, మురికి గోధుమరంగు వస్తుంది. పసుపు మీద వేస్తే ఆకుపచ్చ. నీలం నీలంగానే కనపడాలంటే లేత పసుపు దాకా వెళ్ళి, మిగిలిన పసుపుని ఊదా టోనర్‌తో అణచాలి. అంటే రెండు మూడు బ్లీచ్‌లు, మధ్యలో కొన్ని వారాల విరామం, టోనర్ ఖర్చు వేరే. అదే ఎరుపు, రాగి రంగు, ముదురు మెజెంటా అయితే ఆ నారింజ మీదే చక్కగా పడతాయి, ఒక్క బ్లీచ్‌తో పనైపోతుంది. చేతిలో డబ్బు లేని అమ్మాయి మొదటి రంగుగా నీలం ఎంచుకోకూడదు. నీకు ఇది నచ్చదని తెలుసు, అయినా చెప్తున్నాను.

ఇంకో మాట నువ్వు రాయలేదు. ఇండియాలో ఉండగా జుట్టుకి హెన్నా పెట్టావా? మన ఇళ్ళలో పెట్టని ఆడపిల్ల అరుదు కనక అడుగుతున్నాను. ఇది ఎందుకంత ముఖ్యమో చెప్పాలంటే నా సంగతి చెప్పాలి.

నేను డిపెండెంట్ వీసా మీద ఇర్వింగ్‌కి వచ్చాను. అప్పుడు మాకు ఒక్క జీతం. కూరగాయలకి కూడా రసీదు దాచి నెలాఖరున కూడేవాళ్ళం. జుట్టుకి ఊరి నుంచి తెచ్చుకున్న నల్ల హెన్నా పెట్టుకునేదాన్ని. పెట్టె మీద ఆకు బొమ్మ ఉంది, ఆయుర్వేదం అని రాసుంది. కొన్ని నెలల తర్వాత ఎర్ర రంగు వేసుకోవాలని మనసై, డిస్కౌంట్‌లో వచ్చిన బ్లీచ్ కొన్నాను. డెవలపర్‌లో అన్నిటికన్నా ఘాటైన 40 వాల్యూమ్ అయితే తొందరగా అవుతుంది, రెండోసారి కొనక్కర్లేదు కదా అని అదే తీసుకున్నాను. కలిపి రాసుకున్న కాసేపటికే తల మీద వేడి తెలిసింది. చెయ్యి పెడితే జుట్టుకి చుట్టిన రేకు కాగితం చుర్రుమంటోంది, లోపల్నుంచి ఆవిరి వస్తోంది. పరిగెత్తి షవర్ కింద నిలబడ్డాను. కడుగుతుంటే తడి పాయ ఉడికిన సేమ్యాలా సాగి చేతిలోకి వచ్చేసింది. నడుం దాకా ఉన్న జడ భుజాల దగ్గరికి వచ్చింది. మిగిలిన దాన్ని సరిచేయించుకోవడానికి, ఏ సెలూన్ గడప తొక్కకూడదనుకున్నానో ఆ గడపే తొక్కాను. కటింగ్, ట్రీట్‌మెంట్, టిప్ కలిపితే మొదట్నుంచీ వాళ్ళ చేత వేయించుకున్నంత అయింది.

కారణం తర్వాత తెలుసుకున్నాను. అసలైన గోరింటాకు పొడిలో రంగునిచ్చేది లాసోన్ అనే పదార్థం. అది జుట్టులోని కెరాటిన్‌ని పట్టుకుని ఉంటుంది, బ్లీచ్‌కి మొండిగా నారింజ దగ్గర ఆగుతుంది తప్ప ప్రమాదం చెయ్యదు. నీలిమందు పొడి కూడా కలిపి పెట్టుకుని ఉంటే బ్లీచ్‌కి ఆకుపచ్చ తేలొచ్చు. హెన్నా పేరుతో అమ్మే కొన్ని పొడుల్లో మాత్రం లోహ లవణాలు కలుస్తాయి. అవి డెవలపర్‌లోని హైడ్రోజన్ పెరాక్సైడ్‌ని ఒక్కసారిగా విడగొట్టి వేడి పుట్టిస్తాయి. జుట్టుని తినేసేది ఆ వేడే. నల్ల హెన్నాల్లో చాలావాటిలో పీపీడీ అనే రసాయనం కూడా ఉంటుంది. ఒకసారి దానికి ఎలర్జీ వచ్చిన మనిషి ఆ తర్వాత ఏ పర్మనెంట్ డై జోలికీ డాక్టర్ని అడక్కుండా పోకూడదు.

అందుకని మెడ వెనకాల, కనపడని చోట, నాలుగు వెంట్రుకలు మొదలు దగ్గర కత్తిరించు. ప్లాస్టిక్ కప్పులో కొంచెం బ్లీచ్ కలిపి అందులో ముంచి చూస్తూ కూర్చో. కప్పు వేడెక్కినా, బుడగలు పొంగినా, వెంట్రుక మెత్తబడి సాగినా ఆ ప్రయత్నం అక్కడితో మానెయ్. ఆ హెన్నా పట్టిన జుట్టంతా పెరిగి, కత్తిరించుకుంటూ పోయేదాకా ఆగాలి. ఏమీ కాకపోతే ఎంతసేపటికి ఏ రంగు దాకా వచ్చిందో రాసుకో, అది నీ జుట్టుకి టైమ్‌టేబుల్. దీనికయ్యే ఖర్చు దాదాపు సున్నా. అయినా పదిమందికి చెప్తే ఒక్కరూ చెయ్యరు, మీ వయసు పిల్లలకి ఓపిక తక్కువ.

డెవలపర్ విషయానికొస్తే, 10 వాల్యూమ్ అంటే 3 శాతం పెరాక్సైడ్, 20 అంటే 6, 30 అంటే 9, 40 అంటే 12. ఇంట్లో 20 దాటొద్దు. నెమ్మదిగా పనిచేస్తుంది, చూసుకుని ఆపుకోవచ్చు. అంకె పెద్దదైతే డబ్బు కలిసొస్తుందనుకోవడం తప్పు లెక్క. మాడు మీద పుండ్లు పడితే అర్జెంట్ కేర్‌కి పోవాలి. నీ స్టూడెంట్ ఇన్సూరెన్స్‌లో డిడక్టిబుల్, అంటే ముందు నీ జేబులోంచి కట్టాల్సింది, ఎంతుందో ఇవాళే తీసి చూడు, సెలూన్ చవకని నీకే అనిపిస్తుంది.

కలపడానికి ఇండియా నుంచి తెచ్చుకున్న స్టీలు గిన్నె వాడకు, ప్లాస్టిక్‌దో గాజుదో తీసుకో. పాత నైటీ వేసుకో. అపార్ట్‌మెంట్ బాత్రూముల్లో చాలావాటికి కిటికీ ఉండదు, ఫ్యాన్ వేసి తలుపు తీసిపెట్టు, బ్లీచ్ పొడిలో ఉండే పర్‌సల్ఫేట్లు కొందరికి ఆయాసం తెప్పిస్తాయి. తలంటుకున్న రోజే మొదలుపెట్టకు, ఒకటి రెండు రోజులు కడగని మాడుకి మంట తక్కువ. రాసేటప్పుడు కుదుళ్ళ దగ్గర చివర్లో రాయాలి. తల వేడికి అక్కడ బ్లీచ్ తొందరగా పనిచేస్తుంది, ముందే రాస్తే కుదుళ్ళు పసుపు, కిందంతా నారింజ అవుతుంది. ప్యాకెట్ మీద రాసిన గరిష్ఠ సమయం దాటి ఒక్క నిమిషం కూడా ఉంచకు.

మిగిలిన మిశ్రమం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. డబ్బు జాగ్రత్త ఉన్నవాళ్ళే ఇందులో పడతారు. సగం గిన్నె మిగిలిపోయిందని నేను దాన్ని ఖాళీ షాంపూ సీసాలో పోసి, మూత బిగించి, సింకు కింద దాచాను. కలిపిన బ్లీచ్ ఆక్సిజన్ వదులుతూనే ఉంటుంది. రాత్రికి సీసా ఉబ్బి, మూత ఎగిరి, లోపలి మిశ్రమం బాత్రూము గడప దాటి కార్పెట్ మీద పడింది. తెల్లారి తుడిస్తే తుడిచిన చోటల్లా కార్పెట్ రంగు పోయి మచ్చలు తేలాయి. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్‌లోంచి ఆ కార్పెట్ ఖరీదు కోసుకున్నారు. మామూలు అరుగుదలకి కొయ్యకూడదు గానీ ఇలాంటి మచ్చలకి కోస్తారు. టెక్సస్‌లో ఓనరు 30 రోజుల్లోపు లెక్క చెప్పి మిగతాది ఇవ్వాలి, ఆ రూల్స్ అన్నీ నెట్‌లో ఉన్నాయి, చదువుకో. పైగా ఆ మిశ్రమం దాచినా పనికొచ్చేది కాదు, కలిపిన కాసేపటికే దాని బలం తగ్గిపోతుంది. తక్కువ కలుపు, చాలకపోతే మళ్ళీ కలుపు, మిగిలింది సింకులో పోసి బాగా నీళ్ళు వదులు. నీకు రూమ్మేట్స్ ఉంటారు, డిపాజిట్ అందరిదీ. అది మర్చిపోకు.

నువ్వు నిజంగా డబ్బు మిగల్చగలిగేది బ్లీచ్ తర్వాతే. ఇలాంటి మెరిసే రంగులు చాలావరకు సెమీ పర్మనెంట్, అంటే కడిగేకొద్దీ మెల్లగా దిగిపోయేవి. మానిక్ పానిక్ అనే బ్రాండు వాటిలో పాతది, న్యూయార్క్‌లో ఇద్దరు అక్కచెల్లెళ్ళు 1977లో పెట్టిన కొట్టు అది. ఈ రంగులకి డెవలపర్ అక్కర్లేదు, సీసాలోంచి తీసి నేరుగా రాసుకోవడమే. జుట్టుని పాడుచెయ్యవు, గంట ఎక్కువ ఉంచినా నష్టం లేదు. లేత రంగు కావాలంటే చవకైన తెల్ల కండిషనర్‌లో కలుపుకో. తర్వాత వారానికోసారి కండిషనర్‌లో ఒక చెంచా రంగు కలిపి పట్టిస్తే కొత్తగానే ఉంటుంది, ఒక్క సీసా నెలల తరబడి వస్తుంది. వేడినీళ్ళు, రోజూ తలస్నానం, అపార్ట్‌మెంట్ స్విమ్మింగ్ పూల్‌లో క్లోరిన్, ఈ మూడూ రంగుని దించేస్తాయి. కొబ్బరినూనె రాసి తలంటుకున్నా దిగుతుంది. నూనె మానలేకపోతే రంగుకి ముందు వారాల్లో బాగా పట్టించుకో. దిండుకి పాత గలీబు వెయ్యి, ఎరుపు చాలా అంటుతుంది.

అసలు ఖర్చు రంగు వేసిన రోజుతో అయిపోదు, నెల నెలా వస్తుంది. జుట్టు నెలకి సుమారు అర అంగుళం పెరుగుతుంది. తలంతా రంగు వేసుకుంటే నెల తిరక్కుండా నల్ల కుదుళ్ళు కనపడతాయి, మళ్ళీ బ్లీచ్, మళ్ళీ మాడు మంట, మళ్ళీ డబ్బు. అందుకే తల మొత్తం వద్దంటాను. పై జుట్టు క్లిప్పు పెట్టి ఎత్తి, మెడ వెనక లోపలి పాయ ఒక్కటి తీసుకో. కుదురు వదిలేసి రెండంగుళాల కింద నుంచి మొదలుపెట్టు. బ్లీచ్ మాడుకి తగలదు, ఒక చిన్న ప్యాకెట్ సరిపోతుంది, రంగు పావు సీసా కూడా పట్టదు, పెరిగినా తెలియదు. జుట్టు వదిలేస్తే లోపలి రంగు తళుక్కుమంటుంది, ముడి వేస్తే మాయమవుతుంది. ఇంటర్వ్యూ ఉందనుకో, అమ్మతో వీడియో కాల్ ఉందనుకో, ఫ్రిస్కో హనుమాన్ గుడికి వెళ్తున్నావనుకో, ముడి వేసుకో. నీకు ఆ నీలమే కావాలంటే ఇంత పాయ మీద ప్రయత్నించు. రెండు మూడు బ్లీచ్‌లైనా భరించగల ఖర్చు. పాయ చెడినా కత్తిరించుకోవచ్చు, లోపలిది కనక ఎవరికీ తెలియదు.

అయినా చెయ్యి వణుకుతుందంటే బ్యూటీ స్కూళ్ళు ఉన్నాయి. డాలస్ ప్రాంతంలో చాలా చోట్ల, నేర్చుకునే విద్యార్థులు టీచర్ చూస్తుండగా తక్కువ ధరకి చేసిపెడతారు. ఫోన్ చేసి, బ్లీచ్ వరకే చాలు, రంగు ఇంట్లో వేసుకుంటానని అడుగు. నన్నడిగితే ఈ వ్యవహారంలో ఇంకొకరికి ఇవ్వదగ్గ డబ్బు ఆ బ్లీచ్‌కి ఇచ్చేదొక్కటే.

నేర్చుకున్నాక రూమ్మేట్స్‌కీ, క్లాస్‌మేట్స్‌కీ తలా 40 డాలర్లు తీసుకుని వేస్తే పాకెట్ మనీ వస్తుంది కదా అని కూడా రాశావు. ఆ ఆలోచన మానుకో. ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఉన్నావు, అనుమతి లేకుండా బయట డబ్బు తీసుకుని చేసే ఏ పనైనా నీ స్టేటస్‌కే చేటు. టెక్సస్‌లో ఆ పనికి లైసెన్సు కూడా కావాలి. వివరాలు మీ కాలేజీ ఇంటర్నేషనల్ ఆఫీసులో అడుగు. 40 డాలర్ల కోసం లక్షల అప్పు చేసి తెచ్చుకున్న చదువుని పణంగా పెట్టొద్దు. క్యాంపస్‌లో పని దొరికితే చేసుకో. వీసా స్టాంపింగ్‌కి వెళ్ళే ఆలోచన ఉంటే వీసా ఫొటో గత 6 నెలల్లోది, ఇప్పటి నీ రూపానికి తగ్గది కావాలి, ఆ తేదీ చూసుకుని రంగు పెట్టుకో.

ఈ శనివారం ఏమీ కొనకు, ఒక్క చిన్న బ్లీచ్ ప్యాకెట్, చిన్న 20 వాల్యూమ్ డెవలపర్ సీసా, గ్లవుజులు తప్ప. కలిపింది చెవి వెనక చర్మం మీద చుక్క రాసి కడిగెయ్యి, 48 గంటలు చూడు. మెడ వెనక వెంట్రుకలతో కప్పు పరీక్ష చెయ్యి. ఎంతసేపటికి ఏ రంగు వచ్చిందో, కప్పు వేడెక్కిందో లేదో నాకు రాయి. రంగు సీసా ఏది కొనాలో అప్పుడు చెప్తాను.